కచ్చతీవు: గొడవంతా నీటి అడుగున

భారత్, శ్రీలంకల మధ్య పాక్ జలసంధిలో ఉన్న కచ్చతీవు దీవి వివాదం మళ్లీ రాజుకుంది. 2025 ఏప్రిల్‌లో దాన్ని వెనక్కి తేవాలని తమిళనాడు అసెంబ్లీ తీర్మానం చేసింది. ఆగస్టులో మదురై సభలో నటుడు విజయ్ అదే డిమాండ్ వినిపించారు. సెప్టెంబరు 1న శ్రీలంక అధ్యక్షుడు అనుర కుమార దిసనాయకే స్వయంగా నేవీ పడవెక్కి దీవిలో దిగి వచ్చారు. దీవి ఒకప్పుడు రామనాథపురం జమీందారీదన్న మాట, 1974లో దాన్ని శ్రీలంకకు వదిలేసిన ఇందిరా గాంధీ, సిరిమావో బండారనాయకేల ఒప్పందం, తప్పు ఢిల్లీదా చెన్నైదా అన్న వాదన, ఇవన్నీ టీవీ చర్చల్లో అరిగిపోయిన విషయాలే. దీవి మొత్తం 285 ఎకరాలు. తాగడానికి నీళ్లుండవు. ఏడాదికోసారి అంతోనియార్ చర్చిలో ఉత్సవం జరుగుతుంది, రెండు వైపుల నుంచీ భక్తులు పడవల్లో వస్తారు. మిగతా రోజుల్లో అక్కడ ఊరంటూ లేదు. ఇంత చిన్న దీవి కోసం ఇంత గొడవేమిటో తెలియాలంటే దాని చుట్టూ ఉన్న నీళ్లను చూడాలి.

పాక్ జలసంధిలో లోతు చాలా తక్కువ. చాలాచోట్ల పది మీటర్లు కూడా ఉండదు. దక్షిణాన రామసేతు ఇసుక తిన్నెలు అడ్డంగా ఉంటాయి. పెద్ద ఓడలకు పనికిరాని ఈ నీళ్లు రొయ్యకూ పీతకూ పుట్టిల్లు. సముద్రం ఒకటే అయినా రెండు దేశాలకూ దాని విలువ ఒకటి కాదు. భారత్‌కు పదకొండు వేల కిలోమీటర్లు దాటిన తీరంలో ఇదొక మూల. శ్రీలంక చుట్టూ మాత్రం చాలావరకు ఒడ్డు నుంచి ఇరవై కిలోమీటర్లు వెళ్లేసరికి సముద్రం ఒక్కసారిగా లోతుకు జారిపోతుంది. లోతు తక్కువ నేల వెడల్పుగా పరుచుకుని ఉన్నది ఉత్తరాన, జాఫ్నా, మన్నార్ వైపే. చిన్న పడవ తప్ప మరేమీ లేని అక్కడి తమిళ జాలరికి బతుకుతెరువు ఈ నీళ్లే.

ఇటువైపు చూస్తే, రామేశ్వరం నుంచి సరిహద్దు గీత సుమారు 12 నాటికల్ మైళ్లు. ధనుష్కోటి నుంచి ఇంకా దగ్గర. అందులో ఒడ్డు పక్క మైళ్లను నాటు పడవలకు వదిలేయాలని రాష్ట్ర చట్టం చెబుతుంది. మిగిలిన సన్నటి పట్టీలో వందల మరబోట్లు తిరగాలి. అవి గీత దాటడంలో ఆశ్చర్యం లేదు. అయితే అలవాటు ఎప్పుడు పడిందన్నదే అసలు ప్రశ్న.

నా లెక్కలో ఆ ఏడాది 1974 కాదు, 1983. శ్రీలంకలో అంతర్యుద్ధం మొదలయ్యాక ఉత్తర తీరంలో వేటపై ఆంక్షలు పెట్టారు. జాఫ్నా జాలర్లు వలలు మడిచి ఇళ్లకే పరిమితమయ్యారు, కొందరు శరణార్థులై ఇటు రామేశ్వరం రేవుకే వచ్చారు. అవతలి సముద్రం ఖాళీ అయింది. సరిగ్గా ఆ కాలంలోనే ఇవతల ట్రాలర్లు, అంటే వలను సముద్రం అడుగున ఈడ్చే మరబోట్లు, పెరిగాయి. 1950లలో నార్వే సాయంతో కేరళలో మొదలైన మరపడవల ప్రయోగం, ఎగుమతి రొయ్యకు పలికే ధర చూసి తమిళనాడు తీరమంతా పాకింది. యుద్ధం 2009 దాకా సాగింది. ఆ ఇరవై ఆరేళ్లలో బోటు కొనడానికి చేసిన అప్పు, డీజిల్ ఖర్చు, కూలీ లెక్క అన్నీ అవతలి ఒడ్డు రొయ్యలను నమ్ముకునే వేసుకున్నవి.

నిజానికి ఒకరి నీళ్లలో మరొకరు వేటాడకూడదని 1976 మార్చిలోనే రెండు ప్రభుత్వాలూ లేఖలు రాసుకున్నాయి. అప్పుడు ఎమర్జెన్సీ. తమిళనాడులో కరుణానిధి ప్రభుత్వాన్ని ఆ జనవరి 31నే రద్దు చేశారు కాబట్టి రాష్ట్రం తరఫున అడ్డుచెప్పే నాథుడు లేడు. ఆ ఒప్పందంలోనే కన్యాకుమారి దిగువన చేపలకు పేరుపడ్డ వాడ్జ్ బ్యాంక్ అనే సముద్ర ప్రాంతం భారత్‌కు దక్కింది. సభల్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.

యుద్ధం ముగిసి జాఫ్నావాళ్లు మళ్లీ పడవలు దించేసరికి సముద్రం నిండా ట్రాలర్ల లైట్లు. వాళ్లవి ఔట్‌బోర్డ్ మోటారు బిగించిన ఫైబర్ పడవలు. సాయంత్రం వల పరిచి తెల్లవారి తీసుకుంటారు. ట్రాలర్ వల అలా కాదు. రెండు బరువైన పలకలు దాని నోరు తెరిచి పట్టుకుంటే, కింది అంచుకు కట్టిన గొలుసు నేలను గీరుకుంటూ పోతుంది. రొయ్యతోపాటు వేలెడంత చేపపిల్లలు, నాచు, నక్షత్ర చేపలు అన్నీ పైకొస్తాయి. దారిలో జాఫ్నా జాలరి వల ఉంటే అదీ తెగి కొట్టుకుపోతుంది. కొత్త వలకు మళ్లీ అప్పే. రామేశ్వరం మరబోట్లు సోమ, బుధ, శనివారాల్లో వేటకు బయలుదేరతాయి. ఆ రాత్రుల్లో అవతల చాలామంది వల దించకుండా ఒడ్డునే ఉండిపోతారు. తమ సముద్రంలో వారానికి మూడు రాత్రులు తమవి కావని వాళ్ల ఫిర్యాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు కాకినాడ, విశాఖ రేవుల్లాగే తమిళనాడు రేవులూ వేట నిషేధంలో ఉంటాయి కదా, ఆ రెండు నెలలే వాళ్లకు ఊపిరి. వాళ్ల ఆందోళనల తర్వాతే 2017లో శ్రీలంక పార్లమెంటు అడుగు ట్రాలింగ్‌ను నిషేధించింది. మరుసటి ఏడాది విదేశీ బోట్ల మీద జరిమానాలు భారీగా పెంచింది.

ఇటువైపు కష్టం లేదని కాదు. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఒక్క 2024లోనే 500 మందికి పైగా జాలర్లను శ్రీలంక నేవీ పట్టుకెళ్లింది. బోటు ఒకరిది, జైలుకెళ్లేది మాత్రం ఎక్కువగా దానిమీద పనిచేసే కూలీ.

దీవి వెనక్కి వస్తే ఇది తీరుతుందా? అరెస్టుల వార్తల్లో తరచూ కనిపించే నెడుంతీవు అనే శ్రీలంక దీవి కచ్చతీవుకు 24 కిలోమీటర్లు అవతల ఉంది. రొయ్య అక్కడ ఉంది, కచ్చతీవు దగ్గర కాదు. 2017లో కేంద్రం రూ.1,600 కోట్లతో 2,000 ట్రాలర్లను తప్పించి, లోతు సముద్రంలో ట్యూనా పట్టే బోట్లు ఇస్తామంది. రూ.80 లక్షల బోటుకు 70 శాతం సబ్సిడీ. అయినా లక్ష్యం దరిదాపులకు రాలేదు. ట్యూనా కావాలంటే ఈ జలసంధి వదిలి రోజుల తరబడి లోతు నీళ్లలో ఉండాలి. ఇక్కడివాళ్లకు తెలిసిన వేట ఒక్క రాత్రిలో ముగించి తెల్లారి రేవుకొచ్చేది.