అంబులెన్సు పనిలో నిబ్బరం: అపోహలు - వాస్తవాలు

నేను 108లో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌ని. మా పని గురించి జనం అనుకునేవి కొన్ని సరిచేయాలనిపించింది.

అపోహ: మీవి గట్టి గుండెలు, మీకు భయం వేయదు.

వాస్తవం: వేస్తుంది. గుండె దడదడలాడుతుంది, నోరు ఎండిపోతుంది. అయితే ఏ పని తర్వాత ఏ పనో చేతులకు అలవాటై ఉంటుంది. మనిషికి స్పృహ లేదు, శ్వాస ఆడడం లేదు. ఛాతీ మధ్యలో నొక్కడం మొదలుపెట్టాలి. ఉండుండి ఎగశ్వాస వస్తున్నా దాన్ని శ్వాసగా లెక్కించకూడదు. పెద్దవాళ్లకు నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. నేను పైకే లెక్కపెడతాను. లెక్క తప్పకుండా చూసుకోవడంలో పడితే భయం కాస్త పక్కకు తప్పుకుంటుంది.

అపోహ: ఈ నిబ్బరం పుట్టుకతో రావాలి.

వాస్తవం: శిక్షణలో వాడే మనిషి బొమ్మ మీద చేసిందే చేస్తూ పోతే వస్తుంది. అంతే.

అపోహ: "కంగారు పడకండి" అంటే ఇంట్లోవాళ్లు కుదుటపడతారు.

వాస్తవం: ఆ మాటతో కుదుటపడినవాళ్లను నేనైతే చూడలేదు. పని అప్పగిస్తే మాత్రం కుదుటపడతారు. "ఎవరైనా మందులు తీసుకురండి" అంటే ఎవరూ కదలరు. ఒకరి కళ్లలోకి చూసి "తమ్ముడూ, తాతగారు వాడే మాత్రల కవరు పట్టుకురా" అనాలి. మూతి వంకర పోయిన మనిషి పక్కన ఏడుస్తున్న భార్యను "అమ్మా, చివరిసారి ఎప్పుడు మామూలుగా మాట్లాడారు?" అని అడుగుతాను. కళ్లు తుడుచుకుని, టీ ఇచ్చినప్పుడనో, పాలవాడు వచ్చినప్పుడనో గుర్తుచేసుకుంటుంది. పక్షవాతంలో ఆ సమయం చాలా విలువైనది. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా అప్పటి నుంచి నాలుగున్నర గంటలలోపే ఇస్తారు. ఆసుపత్రిలో మొదట అడిగేదీ అదే.

అపోహ: నిదానిస్తే ప్రాణం పోతుంది, ఏదో ఒకటి వెంటనే చేసేయాలి.

వాస్తవం: పాము కాటు వేసినచోట తాడు బిగించడం, బ్లేడుతో గాటు పెట్టడం, మనిషిని పరుగెత్తించడం, ఇవన్నీ ఈ "ఏదో ఒకటి" కిందికే వస్తాయి. వీటితో మేలు లేకపోగా కీడు జరుగుతుంది. నడిపించకుండా, కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

అపోహ: డ్యూటీ దిగగానే మీరు అన్నీ మరిచిపోతారు.

వాస్తవం: పసిపిల్లల కేసు అయితే ఆసుపత్రిలో అప్పగించాకే నా చేతులు వణుకుతాయి. బండి కడిగాక పైలట్, అదే మా డ్రైవరు, నేను దాని గురించి కాసేపు మాట్లాడుకుంటాం. అప్పటికీ రోజుల తరబడి నిద్ర పట్టకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోను చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు.