పాలియేటివ్ కేర్: ఆలస్యం నుంచి పుట్టిన అపోహలు

తీవ్రమైన జబ్బు ఉన్నవారిలో నొప్పినీ ఇతర బాధలనూ తగ్గించి, జీవన నాణ్యతను మెరుగుపరచే వైద్యసేవే పాలియేటివ్ కేర్. ఈ విభాగం వైద్యులుగా మేము వినే అపోహల్లో చాలావాటికి మూలం ఒక్కటే, రోగి మా దగ్గరకు మరీ ఆలస్యంగా రావడం. చివరి వారంలో పంపిన రోగి సహజంగానే ఆ వారంలో కన్నుమూస్తాడు, అది చూసినవారికి ఈ విభాగం పేరు వినబడడమే మరణసూచనగా తోస్తుంది. ఆఖరి రెండు రోజుల్లో మొదలుపెట్టిన మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు, ప్రాణం తీసిన మందుగా ఆ కుటుంబంలో నిలిచిపోతుంది. తర్వాత ఆ ఇంట్లో మరొకరికి జబ్బు చేసినప్పుడు వారు మరింత ఆలస్యం చేస్తారు.

అపోహ: వైద్యులు ఇక చేయగలిగిందేమీ లేదన్నాకే పాలియేటివ్ కేర్ మొదలవుతుంది.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 5.68 కోట్ల మందికి ఈ సేవ అవసరమవుతోంది. వారిలో జీవితపు చివరి ఏడాదిలో ఉన్నవారు 2.57 కోట్ల మందే, అంటే సగానికన్నా తక్కువ. మిగిలినవారు గుండె వైఫల్యంతోనో, దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధితోనో, క్యాన్సర్‌తోనో ఇంకా కొన్నేళ్లు జీవించవలసినవారు. అవసరమైనవారిలో నిజానికి సేవ అందుతున్నది 14 శాతం మందికి మాత్రమే.

ముందుగా మొదలుపెడితే ఏమవుతుందన్న ప్రశ్నకు 2010లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం స్పష్టమైన జవాబు ఇచ్చింది. శరీరంలో ఇతర భాగాలకు పాకిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిని రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి మామూలు క్యాన్సర్ చికిత్సతో పాటు వ్యాధి నిర్ధారణ జరిగిన కొద్ది వారాలకే పాలియేటివ్ కేర్ కూడా అందించారు. ఆ వర్గంలో జీవన నాణ్యత మెరుగ్గా ఉంది, కుంగుబాటు తక్కువగా కనిపించింది, చివరి రోజుల్లో తీవ్రమైన చికిత్సలు తీసుకున్నవారు తక్కువగా ఉన్నారు. అయినప్పటికీ వారి మధ్యగత జీవితకాలం (సగం మంది అంతకన్నా ఎక్కువ కాలం జీవించిన వ్యవధి) 11.6 నెలలు కాగా, మామూలు చికిత్స మాత్రమే పొందినవారిది 8.9 నెలలు. అయితే ఆయుష్షు పెరుగుదల తర్వాతి అధ్యయనాలన్నింటిలోనూ కనిపించలేదు కాబట్టి, కుటుంబాలకు ఆ హామీ ఇవ్వడం సరికాదని నా అభిప్రాయం. బాధ తగ్గడం, జీవన నాణ్యత మెరుగుపడడం మాత్రం నమ్మకంగా చెప్పగలిగిన ఫలితాలు. కీమోథెరపీ, రేడియేషన్ కొనసాగుతుండగానే మా పని కూడా సాగుతుంది, ఒకటి ఎంచుకుంటే మరొకటి వదులుకోవాలన్న షరతు లేదు.

అపోహ: మార్ఫిన్ వాడితే మరణం త్వరపడుతుంది, లేదా అలవాటైపోతుంది.

వాస్తవం: తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, నొప్పిని గమనిస్తూ క్రమంగా పెంచిన మార్ఫిన్ ఆయుష్షును తగ్గిస్తుందనడానికి ఆధారం లేదు. శరీరం మందుకు అలవాటుపడి, ఒక్కసారిగా ఆపితే ఇబ్బంది పడడం ఒక సంగతి. హాని జరుగుతున్నా మందు కోసం వెంపర్లాడే వ్యసనం పూర్తిగా వేరే సంగతి. మొదటిది ఊహించదగినదే, మోతాదును మెల్లగా తగ్గిస్తే సరిపోతుంది. రెండవది పర్యవేక్షణలో క్యాన్సర్ నొప్పికి మందు తీసుకునేవారిలో అరుదు, అయినా గతంలో వ్యసన చరిత్ర ఉందా అని మేము తప్పక అడుగుతాము.

కుటుంబ సభ్యులు నిజంగా తెలుసుకోవలసినవి ఇంతకన్నా సాధారణమైన విషయాలు. మొదటి కొద్ది రోజులు కనిపించే మగత, వికారం చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి, మలబద్ధకం మాత్రం తగ్గదు కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందును మొదటి మోతాదు నుంచే కలిపి ఇవ్వాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో మార్ఫిన్ నుంచి ఏర్పడే పదార్థాలు శరీరంలో పేరుకుపోతాయి కాబట్టి మోతాదు తగ్గించాలి, లేదా వేరే మందుకు మారాలి. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, బలహీనమైన నొప్పి మందుల నుంచి బలమైనవాటికి అంచెలుగా వెళ్లే మూడు మెట్ల పద్ధతిని సూచించినప్పటి నుంచి, బలహీనమైన మందులన్నీ అయిపోయాకే మార్ఫిన్ ఇవ్వాలన్న భావన స్థిరపడింది. 2018 నాటి మార్గదర్శకాలు ఆ మెట్లను కఠిన నియమంగా కాక సాధారణ సూచనగానే చూడాలని, చికిత్సను నొప్పి తీవ్రతను బట్టి నిర్ణయించాలని చెబుతున్నాయి.

అతివాడకం గురించిన భయం ఎంత వ్యాపించినా, ప్రపంచంలో ఎక్కువమంది ఎదుర్కొంటున్నది కొరతే. ఏటా పంపిణీ అయ్యే, మార్ఫిన్‌తో సమానంగా లెక్కించిన 298.5 టన్నుల నొప్పి మందుల్లో అత్యల్ప ఆదాయ దేశాలకు చేరేది 0.1 టన్ను మాత్రమేనని లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన కమిషన్ 2017లో తేల్చింది.

అపోహ: తినడం, తాగడం మానేసిన రోగికి సెలైన్ ఎక్కించకపోతే ఆకలిదప్పులతో అలమటిస్తాడు.

వాస్తవం: చివరి దశలో తిండి తగ్గడం వ్యాధి పర్యవసానమే తప్ప, మరణానికి కారణం కాదు. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో క్యాన్సర్ చివరి దశలో ఉన్న 129 మందిలో కొందరికి రోజుకు ఒక లీటరు, మిగిలినవారికి 100 మిల్లీలీటర్లు మాత్రమే సెలైన్ ఎక్కించగా, బాధలలో గానీ ఆయుష్షులో గానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. దాహం అనిపించేది ఎక్కువగా నోరు ఎండిపోవడం వల్లే. నోటిని తరచుగా తడిపితే ఆ బాధ చాలావరకు తీరుతుంది.

ఇక అపోహలు రోగుల వైపే ఉన్నాయనుకోవడం న్యాయం కాదు. వైద్యులు కూడా అలవాటు కొద్దీ చేసే పనులు పరీక్షకు నిలవలేదు. రక్తంలో ఆక్సిజన్ తగినంత ఉన్నా ఆయాసపడుతున్నవారికి సిలిండర్ పెట్టడం వల్ల, అదే గొట్టం గుండా మామూలు గాలి ఇచ్చిన దానికన్నా అదనపు మేలు లేదని 2010లో తేలింది. అలాంటివారిలో చాలామందికి ముఖం మీదకు చిన్న ఫ్యాన్ గాలి తగలడమే ఉపశమనం ఇస్తుంది. చివరి దశలో తికమక, కలవరం కలిగినప్పుడు వాటిని అణచడానికి హాలోపెరిడాల్ అనే మందు ఇవ్వడం ఎంతోకాలంగా మా ఆచారం. 2017లో ఆస్ట్రేలియాలో 247 మందిపై జరిపిన అధ్యయనంలో ఆ మందు తీసుకున్నవారి లక్షణాలు, మందులేని ద్రావణం తీసుకున్నవారి కన్నా ఎక్కువగానే ఉన్నాయి. ఇప్పుడు ముందుగా మలబద్ధకం, మూత్రం నిలిచిపోవడం, ఇన్ఫెక్షన్, వాడుతున్న ఇతర మందులు వంటి కారణాలను వెతుకుతాము.

అపోహ: నిజం చెబితే రోగి కుంగిపోతాడు.

వాస్తవం: 2010లో మెల్‌బోర్న్‌లో 80 ఏళ్లు, ఆపైబడిన 309 మందిపై జరిగిన అధ్యయనంలో, చివరి దశలో ఎలాంటి చికిత్స కావాలో రోగితో ముందుగానే మాట్లాడి, వారి కోరికలు నమోదు చేసిన వర్గంలో ఆ కోరికలు ఎక్కువగా నెరవేరాయి. మరణానంతరం కుటుంబ సభ్యులలో ఒత్తిడి, ఆందోళన, కుంగుబాటు కూడా తక్కువగా కనిపించాయి. అన్నీ ఒకేసారి చెప్పాలని దీని అర్థం కాదు. ఎంతవరకు తెలుసుకోదలచారని మొదట రోగినే అడగాలి, వద్దంటే అదీ గౌరవించవలసిన నిర్ణయమే.

అపోహ: ఇంత కదలలేని స్థితిలో పదేపదే ఆసుపత్రికి తిరగడం కుదరదు కాబట్టి, ఈ సేవ మనకు పనికిరాదు.

వాస్తవం: 2024లో వెలువడిన రెండు అమెరికా అధ్యయనాలు ఈ విషయంలో మా పద్ధతులను మారుస్తున్నాయి. 1,250 మంది పాల్గొన్న ఒకదానిలో, వీడియో ద్వారా అందించిన ముందస్తు పాలియేటివ్ కేర్ జీవన నాణ్యత విషయంలో నేరుగా చూసినదానికి సమానంగా నిలిచింది. 507 మంది పాల్గొన్న రెండవదానిలో, అందరినీ నెలనెలా పిలవకుండా, క్యాన్సర్ చికిత్స మారినప్పుడో, ఆసుపత్రిలో చేరాల్సి వచ్చిన తర్వాతో మాత్రమే కలిసి, జీవన నాణ్యత పడిపోయినవారినే తరచుగా చూసినా, జీవన నాణ్యత విషయంలో ఫలితం తగ్గలేదు. సిబ్బంది కొరత ఉన్నచోట ఈ పద్ధతి ఎంతో ఉపయోగకరమని నా అభిప్రాయం. అయితే క్యాన్సర్ రోగిలో కొత్తగా వెన్నునొప్పి మొదలై, కాళ్లలో బలం తగ్గినా, మూత్రం బిగుసుకుపోయినా వీడియో సంప్రదింపు కోసం ఆగకూడదు. వెన్నుపాము నొక్కుకుపోతూ ఉండవచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్తే స్టీరాయిడ్, రేడియేషన్ లేదా శస్త్రచికిత్సతో నడక నిలబెట్టగలిగే అవకాశం ఉంటుంది, కాళ్లు పూర్తిగా చచ్చుబడ్డాక వస్తే ఆ అవకాశం చాలా తక్కువ.