ఒరిపిడికి కరిగే రంగు

"వారసత్వ కళలను అమ్మిపెట్టడం వ్యాపారుల పని కదా, అందులో శాస్త్రవేత్తకు పనేముంది?" అని విశాఖపట్నంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్న ఒక విద్యార్థిని నన్ను అడిగింది. జవాబుగా ఆమె చేతిలో ఒక ఏటికొప్పాక బొంగరం పెట్టాను.

వరాహ నది ఒడ్డున, 2022 దాకా విశాఖ జిల్లాలోనే ఉండి ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చిన ఆ ఊరి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి తెలిసిందే. నన్ను ఆకట్టుకునేది ఆ రంగు ఎక్కే తీరు. అక్కడ కుంచె లేదు, కొలిమి లేదు. తరిమెన (కర్రను తిప్పుతూ చెక్కే లేత్) మీద గిర్రున తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని అదిమి పట్టగానే, ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది.

లెక్క వేసి చూద్దాం. 5 సెంటీమీటర్ల వ్యాసం గల కర్ర నిమిషానికి 1,000 చుట్లు తిరుగుతోందనుకుంటే, దాని అంచు వేగం సెకనుకు సుమారు 2.6 మీటర్లు. ఘర్షణ బలం 5 న్యూటన్లయితే పుట్టే వేడి 13 వాట్లు. ఇది చిన్న బల్బు పాటి శక్తే అయినా, లక్కా కర్రా రెండూ వేడిని సరిగా ప్రసరింపజేయవు కాబట్టి, అదంతా తాకిన చోటనే నిలిచి, సుమారు 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర లక్కను మెత్తబరుస్తుంది. మెత్తబడిన లక్క జారుడు పొరగా మారేసరికి ఘర్షణ తగ్గి, వేడి కూడా తగ్గుతుంది. అంటే లక్క తన వేడిని తానే కొంతవరకు అదుపు చేసుకుంటుంది. ఎక్కువసేపు కాగితే మాత్రం దాని అణువులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని, మళ్ళీ కరగని మొండి పదార్థమవుతుంది. ఆ హద్దును కళాకారుడి చెయ్యి ఉష్ణమాపకం లేకుండానే కనిపెడుతుంది. బడిలో మనం ఘర్షణను శక్తి నష్టమనే ఎక్కువగా బోధిస్తాం. ఈ తరిమెన ముందు ఆ పాఠం చెప్పడం కష్టం.

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన, వృక్ష, వాణిజ్య శాస్త్రాలు వేర్వేరు విభాగాలు. బొమ్మ దగ్గర ఆ గోడలు నిలవవు. బొమ్మకు రంగునిచ్చే పసుపులోని కుర్కుమిన్ అనే రంగు పదార్థం వెలుతురుకు వెలిసిపోతుంది గనుక, దుకాణం అద్దాల బీరువాలో ఎండ తగిలే చోట పసుపు రంగు బొమ్మను ఎన్నాళ్ళు ఉంచవచ్చన్నది రసాయన ప్రశ్నా, వ్యాపార ప్రశ్నా?

కరోనా రోజుల్లో నేను మా ఇంటి బొమ్మ గుర్రాన్ని శానిటైజరుతో తుడిచాను. ఆల్కహాలు లక్కను కరిగిస్తుందని తెలిసీ మరిచాను. గుర్రం వీపు జిగటై, నా వేలిముద్ర అందులో అచ్చుపడింది. అది చూపించగానే ఆ విద్యార్థిని, "మరి పెట్టె మీద ఈ ముక్క ఎందుకు రాయరు?" అంది.