విశాఖలో హత్యలు జరిగాయి, డిటెక్టివే రాలేదు

పాత తెలుగు డిటెక్టివ్ నవలలు మళ్ళీ అచ్చవుతున్నాయి, యూట్యూబ్‌లో వాటిని చదివి వినిపించే ఛానళ్ళు కూడా బోలెడు, దాంతో మన వైజాగ్ వాళ్ళకి ఓ పాత డౌటు మళ్ళీ మొదలైంది. ఇంత పెద్ద పోర్టు, ఇన్ని లాడ్జీలు, ఇంత సరుకు రవాణా ఉన్న ఊరికి సొంత డిటెక్టివ్ ఒక్కడు కూడా ఎందుకు లేడు అని. ఆ నవలల్లో డిటెక్టివ్ యుగంధర్ మద్రాసువాడు, గూఢచారి షాడో అయితే దేశాలు పట్టుకు తిరిగేవాడు, మరి మనోడేడీ?

దీనికి జవాబు కావాలంటే కాస్త వెనక్కెళ్ళాలి. మన ఉత్తరాంధ్రలో నేరం సాహిత్యంలోకి చాలా ముందే వచ్చేసింది. 1909లో గురజాడ తిరగరాసి వేసిన కన్యాశుల్కం తీసుకోండి, దాన్ని అందరూ సంఘసంస్కరణ నాటకం అంటారు, నిజమే, కానీ రెండో సగమంతా ఓ హత్య కేసు కదా. లుబ్ధావధాన్లు పెళ్ళాన్ని చంపేశాడని గోల, పోలీసులు దిగడం, వకీళ్ళు దిగడం, కేసు విశాఖపట్నం దాకా రావడం, తీరా చూస్తే చచ్చినవాళ్ళెవరూ లేరు, అసలా పెళ్ళికూతురు ఆడపిల్లే కాదు, ఆడవేషం కట్టిన కుర్రాడు. శవం లేని మర్డర్ కేసు! ఇంత మంచి క్రైమ్ ప్లాట్ తర్వాత ఎంతమంది రాశారో మీరే చెప్పండి. ఆ ముడి విప్పేది మాత్రం డిటెక్టివ్ కాదు, మధురవాణి.

అసలు డిటెక్టివ్ నవల కూడా మనకి ఉత్తరం వైపు నుంచే దిగింది. అప్పటికి గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, 1936లోగానీ ఒరిస్సాలో కలవలేదు. ఆ జిల్లాలోని బరంపురంలో దేవరాజు వేంకటకృష్ణారావు గారు వేగుచుక్క గ్రంథమాల అని పెట్టి అపరాధ పరిశోధన నవలలు వేశారు. 1910ల మొదట్లో వచ్చిన ఆయన 'వాడే వీడు'నే తెలుగులో తొలి డిటెక్టివ్ నవలగా చెప్తారు. బెంగాల్లో అప్పటికే ఈ రకం పుస్తకాలు తెగ నడుస్తున్నాయి, కలకత్తా నుంచి మద్రాసుకి రైలు మార్గం పడింది, దారిలో ఉన్న ఊళ్ళకి ఆ గాలి తగలకుండా ఎలా ఉంటుంది. అంటే మొదలు మన పక్కింట్లోనే, కొనసాగింది మాత్రం వేరేచోట.

ఎందుకంటే తర్వాత పబ్లిషింగ్ వ్యాపారమంతా మద్రాసు, విజయవాడల్లో కుదురుకుంది. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు, వీళ్ళందరూ అక్కణ్ణుంచే బండెక్కి వచ్చారు. తర్వాత టెంపోరావు, గిరిజశ్రీ భగవాన్ లాంటి రచయితలు, ఆ తర్వాత షాడోని రాసిన మధుబాబు. విశాఖ వీటికి మార్కెట్, అంతే. అద్దె పుస్తకాల షాపులుండేవి కదా, డిపాజిట్ కట్టి రోజుకిన్ని పైసలిచ్చి తెచ్చుకోవడం, పుస్తకానికి గోధుమరంగు అట్ట, లోపల రెండుమూడు చోట్ల షాపు రబ్బరు స్టాంపు, ఆఖరి పేజీ ఉంటే మన అదృష్టం. ఏ దుర్మార్గుడో హంతకుడి పేరు పదో పేజీలోనే పెన్నుతో రాసిపెట్టేవాడు, వాడి మీద రాయాల్సింది ఒక నవల.

మన ఊరివాళ్ళు అసలు డిటెక్టివ్ నవలలు రాయలేదా అంటే ఆరుద్ర రాశారు. 1925లో విశాఖలోనే పుట్టి ఇక్కడి ఏవీఎన్ కాలేజీలో చదివిన మనిషి, 'పలకల వెండి గ్లాసు' లాంటివి సరదాగా, తెలివిగా రాశారు. కానీ అప్పటికి ఆయన మద్రాసులో సినిమావాళ్ళ మధ్య సెటిలైపోయారు.

ఊళ్ళో ఉండిపోయినవాళ్ళ సంగతే వేరు. ముఖ్యంగా రచయిత రావిశాస్త్రి (రాచకొండ విశ్వనాథశాస్త్రి) గారు. ఆయన వృత్తే లాయరు, పొద్దున లేస్తే కోర్టు, ముద్దాయిలు, జవాన్లు, ప్లీడరు గుమస్తాలు, దొంగసాక్షులు. మద్రాసు రాష్ట్రం రోజుల్లో పెట్టిన మద్యనిషేధం 1960ల్లో కూడా కోస్తాలో నడుస్తూనే ఉంది (ఇదే గొడవ మీద 1954లో ప్రకాశం గారి ప్రభుత్వం కూడా పడిపోయింది), చట్టం కాగితం మీద, సారా వీధిలో. ఆ కేసుల్లోంచే 1960ల మొదట్లో 'ఆరు సారా కథలు' పుట్టాయి. అందులో 'మాయ' చూడండి, సారా కేసులో దొరికిన ముత్యాలమ్మ, ఆమెని ఎలాగైనా గెలిపిద్దామనుకునే కుర్ర లాయరు మూర్తి. మామూలు క్రైమ్ కథలో అయితే లాయరుకి ఓ పాయింటు దొరకాలి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో పోలీసు నీళ్ళు నమలాలి, మనం చప్పట్లు కొట్టాలి. ఇక్కడ రివర్స్. లా చదువుకున్న మూర్తికి కోర్టంటే ఏంటో, పోలీసంటే ఏంటో, ఎవడి పొట్ట ఎలా నిండుతుందో ముద్దాయే విడమరిచి చెప్తుంది, అదీ మన యాసలో, ఎక్కడా తడుముకోకుండా.

నా లెక్క ప్రకారం మన డిటెక్టివ్ మాయమైంది సరిగ్గా ఇక్కడే. డిటెక్టివ్ కావాలంటే ఎవరు చేశారో తెలియకూడదు కదా, మరి కోర్టు వరండాలో పొద్దంతా నిలబడే మనిషికి ఎవరు చేశారో, ఎవరి చేత చేయించారో, ఎవరు దొరుకుతారో, ఎవరు దొరకరో అన్నీ ముందే తెలుసు. ఇక ఆయన కథలో సస్పెన్స్ ఎక్కణ్ణుంచి వస్తుంది? నిజానికి ఆయన నవల 'అల్పజీవి'లో సస్పెన్స్ ఉంది, హత్యేం లేదు, గవరయ్య ఎప్పుడేం చేస్తాడోనని సుబ్బయ్య పడే భయం ఉంది, ఆ భయంతోనే నవల మొత్తం లాక్కెళ్ళిపోయారు. చాలా థ్రిల్లర్లు దాని ముందు చప్పగా ఉంటాయి నాకైతే.

కారా మాస్టారు (కాళీపట్నం రామారావు గారు) కూడా ఇదే ఊళ్ళో స్కూల్లో లెక్కలు చెప్తూ 'యజ్ఞం' కథ రాశారు. అప్పు తగువు పంచాయితీ, చివర్లో ఓ తండ్రి చేతిలో సొంత కొడుకు చావు. హంతకుడు ఊరందరి కళ్ళముందే ఉన్నాడు, అయినా అసలు నేరం ఎవరిదన్న దానిమీద సాహిత్యలోకం ఏళ్ళ తరబడి కొట్టుకుంది. తర్వాత పతంజలి గారు 'ఖాకీవనం' నవలతో నేరుగా పోలీసుల ఇంట్లోకే వెళ్ళిపోయారు, అక్కడ కానిస్టేబులే బాధితుడు.

1970కి వచ్చేసరికి వేడి ఇంకా పెరిగింది. శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు విశాఖలో జరుగుతుంటే రచయితలారా మీరెటువైపు అని విశాఖ విద్యార్థులు కరపత్రం పంచారు, అదే ఏడాది జులై 4న విరసం (విప్లవ రచయితల సంఘం) ఏర్పడింది. అవతల శ్రీకాకుళం నక్సలైట్ ఉద్యమం, దాని మీద పెట్టిన పార్వతీపురం కుట్ర కేసు విచారణ విశాఖ కోర్టులోనే. అలాంటి వాతావరణంలో టోపీ పెట్టుకుని పైపు కాల్చే డిటెక్టివ్‌ని రాస్తే సీరియస్ రచయితలు నవ్వేవారు. ఆ చిన్నచూపు కొంచెం అన్యాయమేననుకోండి, ఎందుకంటే రాత్రిపూట అద్దె పుస్తకాలు వాళ్ళూ చదివేవారని నా అనుమానం.

ఇంకో దెబ్బ పేపరు కొట్టింది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 1974 ఆగస్టు 10న ఈనాడు విశాఖలో మొదలైంది. అంతకుముందు పేపరు వేరే ఊళ్ళో అచ్చయి రైల్లో వచ్చేది, ఇప్పుడు తెల్లారకముందే గుమ్మంలో, అదీ మన పేటల పేర్లతో, మన స్టేషన్ల పేర్లతో. పక్క వీధి దొంగతనం కాఫీతోపాటు దొరుకుతుంటే మద్రాసు మౌంట్ రోడ్డులో హత్య ఎవరిక్కావాలి. 1978లో చతుర పత్రిక వచ్చి నెలకో నవల ఇచ్చింది, వీక్లీల్లో సీరియల్స్ జోరందుకున్నాయి, ఆ తర్వాత టీవీ, అద్దె షాపులు ఒక్కొక్కటీ జిరాక్స్ సెంటర్లూ సెల్‌ఫోన్ షాపులూ అయిపోయాయి.

మిగిలిందేంటంటే, రావిశాస్త్రి పుస్తకాలు ఇవాళ కూడా దొరుకుతాయి. కథలన్నిటినీ ఒకచోట చేర్చడానికి కారా గారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు, కానీ అది కథల కోసం. పాకెట్ సైజు డిటెక్టివ్ నవలకి ఇల్లు అద్దె షాపే, షాపు మూతపడితే ఆ పుస్తకాలు కిలోల లెక్కన వెళ్ళిపోయాయి, అందులో ఉత్తరాంధ్ర కుర్రాళ్ళు ఎవరైనా రాసినవి ఉంటే అవీ వాటితోపాటే పోయుంటాయి. మీ అటకమీద అలాంటివి కనబడితే పాతపేపర్లవాడికి వెయ్యకండి బాబూ, అట్ట చిరిగినా పర్లేదు, ఆఖరి పేజీ లేకపోయినా పర్లేదు, ఆ రబ్బరు స్టాంపు ఉన్న పేజీ ముందు ఫోటో తీసి పెట్టుకోండి, ఏ పేటలో ఏ పుస్తకం తిరిగిందో తెలుసుకోడానికి మనకున్న సాక్ష్యం అదొక్కటే.