గిన్నెలో బంతి, సొరంగంలో ప్రోటాను

ఇంట్లో పార్టికల్ యాక్సిలరేటర్ (కణాల వేగాన్ని పెంచే యంత్రం) నిర్మించాలనుకునేవారు ముందుగా తేల్చుకోవలసింది ఏ కణాన్ని పరుగెత్తించాలన్న విషయం. ఎలక్ట్రాన్లే కావాలని పట్టుబడితే గాలి తీసేసిన గొట్టం, వేల వోల్టుల విద్యుత్తు తప్పవు. పాత టీవీల పిక్చర్ ట్యూబు అలాంటి యంత్రమే. అందులో సుమారు 25,000 వోల్టులు ఎలక్ట్రాన్లకు కాంతి వేగంలో దాదాపు 30 శాతం వేగాన్ని ఇచ్చేవి. అయితే అంత వేగంగా వెళ్లి దేన్నయినా ఢీకొన్న ఎలక్ట్రాన్లు ఎక్స్ కిరణాలను పుట్టిస్తాయి. అందుకే ఆ ట్యూబు గాజులో సీసం, బేరియం వంటి బరువైన మూలకాలు కలిపేవారు. అలాంటి కవచం లేని గొట్టాన్ని సొంతంగా తయారుచేయడం చవకే కావచ్చు గానీ క్షేమం మాత్రం కాదు.

ఎలక్ట్రాను స్థానంలో టేబుల్ టెన్నిస్ బంతిని పెట్టుకుంటే శూన్యమూ అక్కరలేదు, ఎక్స్ కిరణాల బెడదా ఉండదు. గుండ్రటి అడుగున్న వెడల్పాటి ప్లాస్టిక్ గిన్నె లోపల అల్యూమినియం టేపుతో ఎనిమిది నిలువు పట్టీలు అతికించాలి. వాటిలో ఒకటి విడిచి ఒకటిగా నాలుగు పట్టీలు అడుగున కలుసుకుని ఎర్త్ తీగకు చేరుతాయి. ఇవి పైన అంచును తాకకూడదు. మిగిలిన నాలుగూ అడుగు దాకా రాకుండా ఆగి, అంచు చుట్టూ అతికించిన పట్టీ ద్వారా చిన్న వాన్ డి గ్రాఫ్ జనరేటరు (లోహపు గోళంపై స్థిర విద్యుత్తును పోగుచేసే యంత్రం) గోళానికి కలుస్తాయి. బంతికి గ్రాఫైట్ గానీ నికెల్ గానీ కలిసిన వాహక రంగు పూయాలి.

బంతిని గోడ వారగా కాస్త నెట్టి, చేయి తీసి, జనరేటరును నడిపిస్తే, బంతి వోల్టేజీ ఉన్న పట్టీని తాకగానే అదే జాతి ఆవేశాన్ని పొంది దానికి దూరంగా తోసివేయబడుతుంది, ఎర్త్ పట్టీ వైపు లాగబడుతుంది, అక్కడ ఆవేశాన్ని వదిలేసి, ఉన్న వేగంతోనే దొర్లుతూ తరువాతి పట్టీని చేరి మళ్లీ ఆవేశాన్ని తీసుకుంటుంది. గాలి నిరోధమూ రాపిడీ ఈ నెట్టుడుకు సరితూగేదాకా వేగం పెరుగుతూనే ఉంటుంది.

జనరేటరు లక్ష వోల్టులదంటే భయం కలగడం సహజం. కానీ 10 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల గోళం లక్ష వోల్టుల వద్ద నిల్వ చేసేది 0.05 జౌళ్ల పైచిలుకు శక్తి మాత్రమే, తగిలితే ఉలిక్కిపడతాం. మైక్రోవేవ్ అవెన్ ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చేవి కొన్ని వేల వోల్టులే అయినా, దాని వెనుక ఉన్న కరెంటు మనిషిని చంపగలదు. కనుక ఈ గిన్నెకు అలాంటి ట్రాన్స్‌ఫార్మర్లను గానీ, ఆవేశాన్ని పోగుచేసే కెపాసిటర్లను గానీ జతచేయరాదు. పేస్‌మేకర్ ఉన్నవారు దగ్గరకు రాకూడదు. గిన్నెను ముట్టుకునే ముందు జనరేటరును ఆపి, గోళాన్ని ఎర్త్ తీగతో తాకించాలి.

ఈ బొమ్మ చూపించే సూత్రం మాత్రం చిన్నది కాదు. ఒకే పెద్ద వోల్టేజీ లేకపోయినా, చిన్న వోల్టేజీని పదేపదే వాడుకోవచ్చు. 1928లో నార్వే ఇంజినీరు వీడెరో 25,000 వోల్టులను రెండుసార్లు ఉపయోగించి అయాన్లకు (ఆవేశం ఉన్న పరమాణువులకు) 50,000 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తినిచ్చాడు (ఒక ఎలక్ట్రాను ఒక వోల్టును దాటితే పొందే శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు). 1931లో అమెరికా భౌతిక శాస్త్రవేత్తలు లారెన్స్, లివింగ్‌స్టన్ సుమారు 11 సెంటీమీటర్ల వ్యాసం గల సైక్లోట్రానులో (అయాన్లను అయస్కాంతంతో గుండ్రంగా తిప్పుతూ మళ్లీ మళ్లీ నెట్టే యంత్రంలో) 2,000 వోల్టుల లోపు వోల్టేజీతో 80,000 ఎలక్ట్రాన్ వోల్టులు సాధించారు. జెనీవా దగ్గరి కణ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్‌లో, సొరంగంలో ఉన్న 27 కిలోమీటర్ల వలయంలో ప్రోటాన్లు సెకనుకు 11,245 సార్లు తిరుగుతాయి. ఒక్కో ప్రోటాన్ల పుంజాన్ని నెట్టేవి 8 కుహరాలే (మారే వోల్టేజీ ఉండే బోలు లోహపు గదులు).

తేడా కూడా ఇక్కడే ఉంది. ప్రోటాను తన ఆవేశాన్ని వదులుకోదు, కాబట్టి అది వచ్చే వేళకు వోల్టేజీయే దిశ మార్చుకోవాలి. ఆ సమయపాలన తప్పితే కణం వేగం పెరగడానికి బదులు తగ్గుతుంది. గిన్నెలో వోల్టేజీ మారదు, బంతే మారుతుంది, అందువల్ల వేళ తప్పే ప్రసక్తే లేదు. నా దృష్టిలో ఈ నమూనా దాచిపెట్టే అసలు కష్టం అదే. మరో తేడాను కొలిచి చూడవచ్చు. బంతి తీసుకునే ఆవేశం కూడా వోల్టేజీని బట్టే ఉంటుంది కాబట్టి, వోల్టేజీని సగం చేస్తే ప్రతి నెట్టుడులో అందే శక్తి సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. ప్రోటానుకైతే సగం మాత్రమే తగ్గుతుంది.