తిరిగొస్తామని చెప్పి వెళ్లే వీసా

అమెరికా స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూలో తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. చదువు అయ్యాక ఏం చేస్తావు? భీమవరంలోనో కాకినాడలోనో కన్సల్టెన్సీ వాళ్లు మాక్ ఇంటర్వ్యూ పెట్టినప్పుడు పిల్లల చేత గట్టిగా వల్లె వేయించేది దీని జవాబే. ఇండియా తిరిగొచ్చేస్తాను, ఇక్కడే మంచి కంపెనీలో చేరతాను అనాలి. అదే వారంలో వాళ్ల నాన్న పొలం కాగితాలు పట్టుకుని బ్యాంకు మేనేజరు ముందు కూర్చుంటాడు. అక్కడ ఆయన చెప్పే లెక్క వేరు. రెండేళ్లు చదువు, మూడేళ్లు ఓపీటీ (చదివాక అక్కడే పనిచేసుకునే అనుమతి), డాలర్లలో జీతం, నాలుగైదేళ్లలో అప్పు తీరిపోతుంది.

ఒక ప్రయాణానికి రెండు కౌంటర్ల దగ్గర రెండు లెక్కలన్నమాట. పిల్లాడు అబద్ధాలకోరు కాడు, తండ్రి అత్యాశపరుడూ కాడు. ఇక్కడి అప్పు, అక్కడి చట్టం వేర్వేరు కాలాల్లో వేర్వేరు అవసరాల కోసం పుట్టాయి. ఆ సంగతి తెలియాలంటే కొంచెం వెనక్కి, కాకినాడ దగ్గరి పాత రేవు కోరంగి దాకా వెళ్లాలి.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా పచ్చబడింది. కానీ ఆ పచ్చదనం భూమి ఉన్నవాళ్లది. లేనివాళ్లు కోరంగి, కాకినాడ రేవుల్లో ఓడెక్కి రంగూన్ పోయేవారు. మన వాళ్ల నోట్లో అది రంగం. అక్కడి బియ్యం మిల్లుల్లో, రేవులో పని. ఓడ టికెట్టుకు డబ్బులుండేవి కావు, కూలీలను కుదిర్చే మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ బాకీ అక్కడి కూలిలోంచి కోతపడేది. బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలనే పిలిచేవారు. ఒక రేవు పేరే ఒక జాతి పేరైపోయింది.

వాళ్లెవరికీ వీసా లేదు. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి ఆ అవసరమే లేదు. విడిపోయాక, 1941లో రెండు ప్రభుత్వాలూ వలసల మీద ఒప్పందం చేసుకుని పర్మిట్లు పెట్టాలనుకున్నాయి. పక్క ఊరిలా వెళ్లొచ్చే చోటికి ఇక అనుమతి కాగితం కావాలన్న మాట డెల్టా కూలీల చెవిన పడింది అప్పుడే. మరుసటి ఏడాది జపాన్ సైన్యం వచ్చింది. కాగితాల గొడవ పక్కకు పోయి, జనం అడవులు, కొండలు దాటుకుంటూ నడిచి ఇండియా చేరారు. దారిలోనే పోయినవాళ్లు వేలమంది.

ఆ రంగం డబ్బుకూ అమెరికా చదువుకూ ఒక ముడి ఉంది. కోరంగి ప్రాంతం నుంచి బర్మా వెళ్లి వ్యాపారంలో బాగా గడించిన మల్లాడి సత్యలింగ నాయకర్ తన ఆస్తిని ధర్మకార్యాలకు రాసిపోయారు. కాకినాడలో ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్ అదే. భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల వైద్యం చదవడానికి బయల్దేరినప్పుడు ఈ ఛారిటీస్ సాయం చేస్తామంది, మిగతాది మామగారు సర్దారు. బర్మా రేవులో కూడిన సొమ్ము బోస్టన్ చదువుకు ఆసరా అయింది. నేటి ఎడ్యుకేషన్ లోన్‌కు తాతలాంటిది ఇదేనని నాకనిపిస్తుంది.

సుబ్బారావు వెళ్లేనాటికి అమెరికా తలుపులు మనవాళ్లకు దాదాపు మూసే ఉన్నాయి. 1917 చట్టం ఆసియాలో పెద్ద భాగాన్ని నిషిద్ధ ప్రాంతంగా గీసింది, ఇండియా అందులోనే ఉంది. కూలీ వెళ్లలేడు. కానీ విద్యార్థులు, అధ్యాపకులు, వ్యాపారులు లాంటి కొందరికి మినహాయింపు ఇచ్చారు. విద్యార్థి అంటే ఉండిపోయే మనిషి కాదు, వచ్చి చదువుకుని పోయే అతిథి అన్న ఆలోచన అక్కడే కనిపిస్తుంది. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ వలసదారు కేసులో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులు పౌరులు కావడానికి అర్హులు కారని తేల్చేసింది. ఆ నిషేధం తొలగింది 1946లో, అప్పుడు కూడా ఏడాదికి కేవలం వంద మంది వలసదారులకే కోటా. సుబ్బారావు ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ కూలిపని చేసుకుంటూ చదివారు, తర్వాత లెడర్లీ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. 1948లో అక్కడే చనిపోయారు, అమెరికా పౌరుడు కాకుండానే.

ఇవాళ మన పిల్లలకు చేతికొచ్చే ఎఫ్-1 వీసా 1952 చట్టంలోది. అందులో రెండు ముక్కలు ముఖ్యం. విద్యార్థికి సొంత దేశంలో ఇల్లూ వాకిలీ ఉండాలి, దాన్ని వదిలేసే ఉద్దేశం ఉండకూడదు. ఇది మొదటిది. రెండోది 214(బి) సెక్షన్. వీసా అడిగిన ప్రతివాణ్నీ, కాదని వాడే రుజువు చేసుకునేదాకా, ఉండిపోవడానికి వచ్చినవాడిగానే చూడమంటుంది. రిజెక్ట్ అయితే చేతిలో పెట్టే కాగితం మీద ఉండే నంబరు అదే. కన్సల్టెన్సీల్లో దాన్ని చాలామంది ఏదో జబ్బు పేరులా పలుకుతారు. అధికారి రెండు మూడు నిమిషాల్లో తేల్చాల్సింది మార్కులను కాదు, ఉద్దేశాన్ని. ఇరవై రెండేళ్ల పిల్లాడి ఉద్దేశం వాడికే సరిగ్గా తెలియదు.

అసలు మలుపు 1965. దేశాల వారీ పాత కోటాలు తీసేసి, నైపుణ్యం ఉన్నవాళ్లకు దారిచ్చారు. అమెరికాకు డాక్టర్లు కావలసి వచ్చింది. కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీ 1958లో మొదలైంది, దాని తొలి బ్యాచ్‌లు సరిగ్గా ఆ సమయానికి అందొచ్చాయి. ఆనాటి విద్యార్థులు అక్కడ స్థిరపడి పూర్వ విద్యార్థుల సంఘం పెట్టుకునేంత మంది అయ్యారు. మన వైపు నుంచి ఇబ్బంది పాస్‌పోర్టు దగ్గర ఉండేది. ఇవ్వాలా వద్దా అన్నది ప్రభుత్వం ఇష్టం. విదేశీ ప్రయాణం పౌరుడి హక్కని సుప్రీంకోర్టు 1967లో చెప్పాకే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. విదేశీ మారకం కరువు వల్ల జేబులో ఎనిమిది డాలర్లతో విమానమెక్కామని ఆ తరం వాళ్లు ఇప్పటికీ చెబుతారు.

వీసా కోసం మద్రాసు వెళ్లాలి. కాకినాడ నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పొద్దున్నే దిగి, ఏ బంధువుల ఇంట్లోనో స్నానం చేసి జెమినీ సర్కిల్ దగ్గర కాన్సులేట్ ముందు నిలబడాలి. ఈ తంతు దశాబ్దాల పాటు నడిచింది. హైదరాబాద్‌లో కాన్సులేట్ 2008లో తెరిచారు, వీసాలివ్వడం మరుసటి ఏడాది మొదలైంది. 2023లో నానక్‌రామ్‌గూడలో పెద్ద భవనంలోకి మారింది. దారి మారింది, టెన్షన్ మారలేదు. చిలుకూరు బాలాజీ దగ్గర పదకొండు ప్రదక్షిణలు హైదరాబాద్ వాళ్లవి. డెల్టా తల్లులకు వాడపల్లి వెంకన్న ఉన్నాడు, ఏడు శనివారాలు.

1990లో హెచ్-1బి అనే పని వీసా వచ్చింది, ఏడాదికి 65 వేలు. కంప్యూటర్ల గిరాకీలో 2001 నుంచి మూడేళ్లు 1,95,000కు పెంచి, మళ్లీ దించేశారు. అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20 వేలు విడిగా ఇచ్చారు. అంటే పని వీసాకు సులువైన మెట్టు అక్కడి ఎం.ఎస్. అయింది. చదువు అయ్యాక అనుభవం కోసం ఏడాది పనిచేసుకోనిచ్చే ఓపీటీని సైన్సు, ఇంజనీరింగు వాళ్లకు 2008లో 17 నెలలు పెంచారు, 2016లో ఆ పెంపును 24 నెలలు చేశారు. మొత్తం మూడేళ్లు. తిరిగిపోతానని మాటిచ్చి వచ్చినవాడికి ఆ చట్టం కిందే ఉండడానికి మెట్ల మీద మెట్లు కట్టారు. ఇదే సమయంలో మన దగ్గర ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు పెరిగాయి, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది, 2001 తర్వాత బ్యాంకులు నమూనా పథకం కింద చదువు అప్పులు ఇవ్వసాగాయి. ఏడున్నర లక్షలు దాటితే తనఖా అడుగుతారు. డెల్టాలో తనఖా అంటే వరి పొలం, కొబ్బరి తోట, కాకపోతే చేపల చెరువు గట్టు.

ఇక్కడ గల్ఫ్ సంగతి చెప్పకపోతే కథ సగమే. నరసాపురం, అమలాపురం చుట్టుపక్కల ఎన్నో ఇళ్ల నుంచి ఆడవాళ్లు కువైట్, మస్కట్ వెళ్లి ఇంటిపని చేశారు, చేస్తున్నారు. వాళ్లకు కీలకం వీసా కంటే అకామా, అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే కార్డు. అది కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని చేతిలో ఉంటుంది. ఆ ఇల్లు వదిలితే అకామా పోతుంది, మనిషి చట్టం దృష్టిలో దొంగవుతుంది. అలా అమ్మ పంపిన దీనార్లతో బీటెక్ చేసిన కొడుకు అమెరికా వెళితే, వాడి పరిస్థితి అమ్మకు చప్పున అర్థమవుతుంది. విమానాశ్రయంలో లోపలికి రానిచ్చేది వీసా. లోపల ఉండనిచ్చేది కాలేజీ ఇచ్చే ఐ-20 అనే కాగితం. కాలేజీ మానేస్తే, క్రెడిట్లు తగ్గితే, అనుమతి లేని చోట పనిచేస్తే స్టేటస్ పోతుంది. గల్ఫ్‌లో కఫీల్, అమెరికాలో కాలేజీ.

ఆ ఐ-20 మీద కంప్యూటర్ నిఘా 2003లో సెవిస్ పేరుతో వచ్చింది. 2001 దాడుల్లో చనిపోయిన ఇద్దరు హైజాకర్లకు విద్యార్థి హోదా మంజూరైందన్న ఉత్తరాలు సరిగ్గా ఆరు నెలల తర్వాత ఫ్లోరిడాలోని ఫ్లయింగ్ స్కూలుకు చేరాయి. ఆ పరువు తక్కువ పనితో తొందర పెరిగింది. నిఘాకయ్యే ఖర్చు కూడా విద్యార్థిదే. సెవిస్ ఫీజు 2019 నుంచి 350 డాలర్లు, వీసా ఫీజు 2023 నుంచి 185.

కాలేజీ పేరుతో ఐ-20 అమ్ముకునేవాళ్లూ పుట్టారు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగాయి, అందులో చేరినవాళ్లలో చాలామంది తెలుగు పిల్లలు. కొందరి కాళ్లకు నిఘా పట్టీలు కట్టారు, ఆ ఫొటోలు మన పేపర్లలో మొదటి పేజీ ఎక్కాయి. యజమానురాలికి 2014లో పదహారేళ్లు శిక్ష పడింది. 2019లో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ మరీ విచిత్రం. డెట్రాయిట్ దగ్గర ఆ యూనివర్సిటీని పెట్టిందే అమెరికా ఇమిగ్రేషన్ పోలీసులు. క్లాసులు లేవు, ఫీజులు మాత్రం తీసుకున్నారు. పిల్లలకు తప్పని తెలుసు అని వాళ్ల వాదన. కొందరికి తెలిసే ఉంటుంది. కానీ అధికారిక జాబితాలో ఉన్న పేరు చూసి నమ్మిన తండ్రిని తప్పుపట్టడం నా వల్ల కాదు.

మిగతా దేశాలదీ ఇంచుమించు ఇదే తీరు, తెరవడం, మూయడం. బ్రిటన్ చదువు తర్వాతి పని అనుమతిని 2012లో తీసేసి 2021లో రెండేళ్లకు మళ్లీ ఇచ్చింది, 2024 నుంచి చాలా కోర్సుల వాళ్లకు భార్యాబిడ్డల్ని తెచ్చుకోవడం ఆపేసింది. కెనడా 2024లో విద్యార్థి పర్మిట్లకు పరిమితి పెట్టి, ఖాతాలో చూపాల్సిన మొత్తాన్ని 10 వేల నుంచి 20,635 కెనడా డాలర్లకు పెంచింది. జర్మనీలో ఫీజు తక్కువని వెళుతున్నారు. అక్కడ నెలకు కొంత చొప్పునే తీసుకోనిచ్చే బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు ముందే వేయాలి, దిగాక నివాస అనుమతి కార్డుకు ఆ ఊరి ఆఫీసులో అపాయింట్‌మెంట్ కోసం నెలల తరబడి చూడాలి.

అమెరికాలో భారతీయ విద్యార్థులు 2023-24లో 3,31,602 మంది, చైనాను దాటేశారు. మరుసటి ఏడాది 3,63,019. అంతమంది అయ్యాక 2025 వచ్చింది. వసంతకాలంలో వేలాది విద్యార్థుల సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దుచేసి, కోర్టు కేసుల తర్వాత మళ్లీ ఇచ్చారు. మే నెలాఖరున కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఆపేశారు, జూన్‌లో తెరుస్తూ సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనిపించేలా పెట్టమన్నారు. ఆగస్టులో, చదువు సాగినంత కాలం ఉండొచ్చన్న పాత పద్ధతి తీసేసి నాలుగేళ్ల గరిష్ఠ గడువు పెడతామని ప్రతిపాదించారు. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్లన్నారు.

ఆ ఆగస్టులోనే మన రొయ్యల మీద 50 శాతం సుంకం పడింది. భీమవరం చుట్టూ చెరువుల లీజు డబ్బుతో ఫీజు కడుతున్న ఇళ్లకు ఒకే దేశం నుంచి ఒకే నెలలో రెండు కబుర్లు అందాయి. చదువు అప్పుకు కోర్సు అయ్యాక ఆరు నెలలో, ఏడాదో గడువిస్తారు, ఆ తర్వాత ఈఎంఐ మొదలు. అది కట్టాల్సిన నాటికి పిల్లాడు ఓపీటీలో ఉద్యోగం వెతుక్కుంటూ ఉంటాడు, చెరువులో రొయ్య కౌంటు ధర చూసుకుంటూ నాన్న ఇక్కడ ఉంటాడు. మాక్ ఇంటర్వ్యూల్లో జవాబు మాత్రం ఇంకా అదే నేర్పుతున్నారు.