పౌండుకు 240 పెన్నీలు ఎందుకు?

పాత ఇంగ్లండులో ఒక టోపీకి 10/6 అని చీటీ కట్టి ఉంటే అది తేదీ కాదు, ధర. పది షిల్లింగుల ఆరు పెన్నీలు అని చదువుకోవాలి. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. అంటే పౌండుకు 240 పెన్నీలు.

ఈ 240 వెండి తూకం నుంచి వచ్చింది. ఎనిమిదో శతాబ్దం చివర్లో, షార్లమేన్ చక్రవర్తి ఏలుబడిలో, ఒక పౌండు బరువు వెండితో 240 నాణేలు కొట్టేవారు. ఇంగ్లండులోనూ ఆ లెక్కే స్థిరపడింది. పెన్నీకి గుర్తుగా 'పి' బదులు 'డి' అని రాసేవారు. అది రోమన్ల డెనారియస్ నాణెం పేరులోని మొదటి అక్షరం.

దీన్ని పిచ్చి లెక్క అని కొట్టిపారేయడం నాకు అన్యాయం అనిపిస్తుంది. పౌండును ముగ్గురు పంచుకుంటే తలా 6 షిల్లింగుల 8 పెన్నీలు వస్తాయి, ఏమీ మిగలదు. వంద పైసలు ముగ్గురు పంచుకోమంటే ఒక పైసా మిగిలిపోతుంది. నోటి లెక్కల మీద నడిచే సంతలో ఇది చిన్న సౌకర్యం కాదు. మన రూపాయికి 16 అణాలు ఉన్నప్పుడూ ఇలాంటి సౌకర్యమే ఉండేది. అర్ధరూపాయి, పావలా, బేడ, అణా అని సగానికి సగం చేసుకుంటూ పోయేవారు.

చిక్కంతా కూడికల్లో. 7/6కు 4/9 కలిపితే పెన్నీలు 15 అవుతాయి. అందులో 12 తీసి షిల్లింగు చేస్తే మొత్తం 12/3. పెద్ద ఖాతాల్లో గుమాస్తాలు రోజంతా ఇదే చేసేవారు. దీనికి తోడు గినీ ఒకటి. 1717లో దాని విలువ 21 షిల్లింగులుగా ఖాయమైంది. ఆ నాణెం పోయాక కూడా డాక్టర్ల ఫీజులు, ఖరీదైన వస్తువుల ధరలు గినీల్లోనే చెప్పేవారు. మన టోపీ ధర 10/6 అంటే సరిగ్గా అర గినీ.

ఈ లెక్కను పదులు, వందల్లోకి మార్చాలన్న మాట 1824లోనే బ్రిటన్ పార్లమెంటులో వచ్చింది. 1849లో పౌండులో పదో వంతుగా ఫ్లోరిన్ నాణెం తెచ్చారు, అక్కడితో ఆగిపోయింది. మన దేశం 1957 ఏప్రిల్ 1న నయా పైసలకు మారింది. దక్షిణాఫ్రికా 1961లో, ఆస్ట్రేలియా 1966లో మారాయి. బ్రిటన్ 1966లో నిర్ణయం ప్రకటించి, 1971 ఫిబ్రవరి 15న మారింది. అంతకుముందు నాలుగు రోజులు బ్యాంకులు మూసి ఖాతాలు సర్దుకున్నారు.

పౌండు విలువ మారలేదు, పౌండుకు వంద కొత్త పెన్నీలయ్యాయి. షిల్లింగు ఐదు కొత్త పెన్నీలు, ఆరు పెన్నీల బిళ్ల రెండున్నర. కాబట్టి ఆ టోపీ ధర ఇప్పుడు యాభై రెండున్నర పెన్నీలు. ఇలాంటి ధరల కోసమే కొత్త అరపెన్నీ నాణెం కూడా కొట్టారు. అది 1984 దాకా చెల్లింది.